విజయనగర శిథిలములు: కట్టడముల పేరులు, వాని ప్రామాణ్యము

ఆంధ్రసాహిత్యము చదివినవారికి విజయనగరము చూడకమునుపే పరిచితమైన పట్టణము. మనుచరిత్ర అవతారికయందు భువనవిజయసభను గూర్చి చదివి హంపికి పోయినవారు ఆ సభ ఎచ్చట నుండెనని అడుగుట సహజము. ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు, నేడచ్చటి కట్టడములకు వాడుకలోనున్న పేరులు ఎంతవరకు సాక్ష్యమగునో విచారింపవలసియున్నది.

ఆలయముల విషయమున చిక్కు తక్కువ. తుంగభద్రకు దక్షిణతీరమున నున్న విరూపాక్షాలయ రంగమండపమును కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున కట్టించినట్లు అచ్చటి క్రీ.శ. 1510 నాటి శాసనము తెలుపుచున్నది. 1514లో గజపతులనుండి ఉదయగిరి దుర్గమును గైకొన్న పిదప, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాయలు తెచ్చి కృష్ణాలయమున ప్రతిష్ఠించుటయు శాసనసిద్ధమే. దేవునికి భూములు, గ్రామములు ఇచ్చినపుడు ఆ దానము శిలపై కెక్కెను. రాజు తన కొరకు కట్టుకొన్న మేడకు అట్టి దానపత్రముతో పనిలేదు. కావుననే కృష్ణాలయమునకు దక్షిణముగా నున్న రాజప్రాసాదప్రాంతమున చరిత్రకారునికి శాసనాధారము అరుదు.

కట్టుబడి సామగ్రి రెండవ చిక్కు. మేడల పీఠములు రాతివి. కంబములు, పైకప్పులు చాలవరకు కలపవి. 1565 నాటి యుద్ధానంతరము దోపిడికి, అగ్నికి గురియైన నగరమున పీఠములే మిగిలినవి. తవ్వకములవలన తేటపడిన రాజసభామండపమునందు నేడు కానవచ్చునవి నూరు కంబముల ఆధారశిలలు మాత్రమే. రాయి, ఇటుక, సున్నములతో కమానులు, గుమ్మటములుగా కట్టిన కమలమహలు, పదునొకండు గదుల గజశాల, రాణిస్నానశాల నిలిచియున్నవి. నిలిచినవానికి చూపరులు రూపమును బట్టి పేరులు పెట్టిరి. ఆ ఊహలలో కొన్ని సరియైనవే కావచ్చును. కాని పేరు ఊహనుండి పుట్టినపుడు ఆ పేరునే ఊహకు సాక్ష్యముగా చూపరాదు.

అట్లని వాడుకపేరు లన్నియు నిరాకరింపదగినవి కావు. ప్రాసాదప్రాంతపు నడుమ 15వ శతాబ్ది తొలిపాదమునాటి హజారరామాలయము కలదు. హజారు అనగా వేయి యని గ్రహించి, గోడలపై చెక్కిన రామాయణ శిల్పములనుబట్టి దీనిని వేయిరాముల గుడి యనుట కలదు. కాని తెలుగున హజారమను పదమునకు రాజగృహపు ముంగిటి మండపమను అర్థము కలదు. నగరమార్గములు ఈ ఆలయ పరిసరమున వచ్చి కలియుచున్నవి. ప్రాకారపు వెలుపలి గోడపై ఏనుగులు, గుర్రములు, భటులు, నర్తకులు వరుసలుగా సాగుచున్నారు. పదార్థమును, స్థలమును, శిల్పమును కలిపి చూచినచో నగరివాకిటి రాముడను అర్థమే పొసగుచున్నది. ఇచ్చట పేరు సాక్ష్యమైనది. ఏలయన కట్టడము దానిని బలపరచుచున్నది.

ఇక భువనవిజయము. 1520 ప్రాంతమున నగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఒరిస్సా యుద్ధమునుండి మరలివచ్చిన రాజు కట్టించిన విజయగృహమును వర్ణించెను. దానిని మహానవమిదిబ్బగా గుర్తించినవారు కలరు. విజయశబ్దసామ్యమునుబట్టి అదియే భువనవిజయ మనుకొనుట సులభము. అయితే ఈ దిబ్బ ఒక్క రాజు కట్టించినది కాదు. వేట, నాట్యము, అశ్వములు, విదేశీయులు చెక్కబడిన క్రిందివరుసల నల్లసేనపురాయి పని ముందటిది. ఒకవైపు తొడిగిన పచ్చనిచాయ రాతిపని తరువాతిది. మరియు పేస్ చూచినది నవరాత్రోత్సవమున దేవతాపూజ జరుగుచుండగా రాజు వేడుకలు తిలకించు తావు. పెద్దన చెప్పినది విద్వత్సభ. ఈ రెంటిని ఏకము చేయుటకు అర్థసామ్య మొక్కటే చాలదు.

కావున ప్రాసాదముల విషయమున పునాదిని, తవ్వకపు సాక్ష్యమును ముందుగాను, సమకాలికుల వ్రాతలను పిమ్మటను, వాడుకపేరును చివరను పరిశీలించుట యుక్తము. తెలుగు విద్యార్థులకు ఇందు ప్రత్యేకమైన పని యొకటి కలదు. హజారము, మొగసాల, చవికె, నగరు మొదలగు గృహవాచకములను కావ్యములనుండి, శాసనములనుండి కాలక్రమమున సంకలనము చేయవలెను. ప్రయోగము ఏ శతాబ్దిదో, ఏ సందర్భమునదో వెంట గుర్తింపవలెను. అట్టి పదసూచి సిద్ధమైనచో, కంబములు పోయి పీఠములు మాత్రము మిగిలిన మేడలలో ఏది సభయో, ఏది వాకిలియో నిర్ణయించుటకు మన కావ్యములు నిజముగా తోడ్పడగలవు.