అమీర్‌పేట – పంజాగుట్ట నమూనా రైలుమార్గము

వాస్తవప్రదేశమునందలి పట్టాలను, స్టేషన్లను, వీధులను నియతనిష్పత్తిలో తగ్గించి బల్లపై పునర్నిర్మించుటకు పూర్వము వేయు ప్రణాళికయే నమూనా రైలుమార్గరచన. హైదరాబాదులో మియాపూర్–ఎల్.బి.నగర్, నాగోల్–రాయదుర్గం మెట్రోమార్గములు రెండును భిన్నమైన యెత్తులలో ఒకదానినొకటి దాటునట్టి అమీర్‌పేట కూడలియు, దాని పొరుగుననున్న పంజాగుట్ట స్టేషనును ఇందులకు మిక్కిలి అనువైనవి.

పరిమాణము: మెట్రోపట్టాల నడిమి వెడల్పు 1435 మిల్లీమీటర్లు. అది 87వ వంతున సుమారు 16.5, 160వ వంతున 9 మిల్లీమీటర్లగును. ఈ కొలతల పట్టాలే హెచ్.ఓ., ఎన్ అను పేర్లతో విక్రయింపబడుచున్నవి. కిలోమీటరు దూరము మొదటిదానిలో 11.5, రెండవదానిలో 6.25 మీటర్ల స్థలము నాక్రమించును గనుక, స్టేషన్లను యథాప్రమాణముగా నిలిపి నడిమిమార్గమును కుదించుట యుక్తము.

కాలము: మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ భాగము 2017 నవంబరు 28న, అమీర్‌పేట–ఎల్.బి.నగర్ భాగము 2018 సెప్టెంబరు 24న, అమీర్‌పేట–హైటెక్ సిటీ భాగము 2019 మార్చి 20న ప్రారంభమయ్యెను. పంజాగుట్ట ఈ రెండవ భాగములోనిది; కావున అచట ప్రయాణికుల రైలు నిలుపదలచినవాడు 2018 సెప్టెంబరు తరువాతి కాలమునే గ్రహింపవలెను.

దృశ్యము: రహదారి నడుమ లేచిన కాంక్రీటు స్తంభములు, పట్టాలపై 25,000 వోల్టుల విద్యుత్తంత్రి, అమీర్‌పేటలోని మైత్రీవనము చెంత భవనముల ముఖములను కప్పివేయు శిక్షణసంస్థల ప్రకటనఫలకములు, వాని క్రింద క్రిక్కిరిసిన విద్యార్థులు – ఇవి లేని నమూనా మరియొక నగరమునకును చెల్లును.

స్తంభముల స్థానములను, ఎత్తులను ముందుగా కాగితముపై నిర్ణయించి, పిమ్మటనే పట్టాలు పరచుట ఉత్తమపద్ధతి.