ఖాళీ బండలో కిలోన్నర

1998 ఫిబ్రవరిలో కార్బన్ కాగితం పెట్టి రాసిన ఒక ఫిర్యాదు ఉత్తరం నకలు దొరికింది. రాసింది అప్పటి విశాఖ జిల్లా చింతపల్లి మన్యంలో క్వార్టర్స్‌లో ఉండే ఒక ఉపాధ్యాయ కుటుంబం. అందుకున్నది మైదానంలోని ఒక గ్యాస్ డీలర్. గ్యాస్ బండలో నీళ్లు కలుపుతున్నారన్నది ఆరోపణ. దానికి మూడు రుజువులు చూపించారు. పది రోజులుగా మంట మందగిస్తూ వచ్చింది. బండను ఊపితే లోపల గలగలమంది. బండ అడుగుభాగం బయటికి చెమర్చింది.

ఉత్తరంతో పాటు ఆ ఇంటి పద్దుల పుస్తకాలు కూడా ఉన్నాయి. 1995 నుంచి 2001 దాకా బండ మార్చిన ప్రతి తేదీనీ ఇంటావిడ రాసిపెట్టారు. మంట సరిగ్గా లేకపోతే పక్కన "పస లేదు" అని ఒక ముక్క చేర్చారు. ఈ తేదీలను గ్యాస్ బుక్‌లోని డెలివరీ తేదీలతో సరిచూశాను. రెండుచోట్ల ఒక్కో రోజు తేడా తప్ప అన్నీ కలిశాయి. కాబట్టి పుస్తకాన్ని నమ్మవచ్చు.

"ఉత్తరం రాశాకే దారికొచ్చారు" అని ఆ ఇంట్లో ఇప్పటికీ అంటారు. పుస్తకం అలా అనడం లేదు. ఉత్తరం తర్వాత, 1998 డిసెంబరులోనూ 1999 జనవరిలోనూ "పస లేదు" అనే మాట ఉంది. ఉత్తరంతో ఏమీ మారలేదు.

ముందు తూకం సంగతి. తక్కువ తూకమైతే బండ త్వరగా అయిపోతుంది గాని మంట పది రోజుల పాటు నీరసించదు. అయినా చూశాను. ఆ బండ ఇంటికి వచ్చిన రోజున కాటా వేయించిన లెక్క ఉత్తరంలోనే ఉంది: 29.8 కిలోలు. బండ మెడ మీద రాసిన ఖాళీ బరువు 15.6. మిగిలింది 14.2, అంటే ఇంటి బండకు ఉండాల్సినంత. తూకంలో మోసం లేదు.

తర్వాత రెగ్యులేటర్. 1998 జనవరిలోనే రెగ్యులేటర్, రబ్బరు ట్యూబు రెండూ మార్చారు. రసీదు ఉంది. ఫిబ్రవరిలో మంట మళ్లీ పడిపోయింది. మార్చిలో అదే రెగ్యులేటర్‌తో, అదే ట్యూబుతో మంట బాగా వచ్చింది. తప్పు వాటిదైతే వేసవి వచ్చినంత మాత్రాన సర్దుకోదు.

ఈ దశలో ఒక పద్దు నన్ను తప్పుదారి పట్టించబోయింది. "పస లేదు" అన్న రాతలన్నీ నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యలోపే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది 1997 జూలైది. చలే కారణం కావచ్చన్న నా అనుమానం అక్కడే కొట్టుకుపోవాలి. కానీ ఆ వాక్యం పూర్తిగా చదివితే పెద్ద పొయ్యి ఒక్కటే నీరసించింది, మంట ఎర్రగా వచ్చింది, గిన్నెలకు మసి పట్టింది అని ఉంది. బండ బిగించి అప్పటికి ఐదు రోజులే. మరుసటి వారం ఖర్చుల్లో "బర్నర్ బొక్కలు తీసినందుకు 10 రూ." అని ఉంది. చలికాలపు ఫిర్యాదుల్లో రెండు పొయ్యిలూ ఒకేసారి తగ్గాయి, మంట రంగు నీలంగానే ఉంది. జూలైది వేరే రోగం. దాన్ని పక్కన పెట్టాను.

ఇక నీళ్లు. ఊపితే గలగలమనడం ఏ రుజువూ కాదు, బండలో ఉండేది ద్రవమే. ఒకవేళ నీళ్లు నిజంగా ఉన్నా, గ్యాస్ ద్రవం బరువు నీటిలో సగానికి కొంచెమే ఎక్కువ కనుక అవి అడుగుకు చేరతాయి. పొయ్యికి వెళ్లేది పైనున్న ఆవిరి. ఆ ఆవిరి పీడనాన్ని అడుగున చేరిన నీళ్లు తగ్గించవు. పైగా, ఖాళీ అని తీసేసిన ఆ ఫిబ్రవరి బండ కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులు ఎండ తగిలే వరండాలో ఉంది. ఈలోపు వంట కిరసనాయిలు స్టవ్ మీద. మూడో రోజు మధ్యాహ్నం కిరసనాయిలు అయిపోతే పాత బండనే మళ్లీ బిగించారు. "రెండుసార్లు కాఫీ, ఒకసారి పాలు" అని పద్దులో ఉంది. దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు తూచిన చీటీ ఉత్తరానికి గుచ్చి ఉంది: 17.1 కిలోలు. అంటే అప్పటికింకా కిలోన్నర ద్రవం లోపలుంది. అదంతా నీళ్లే అయితే కాఫీ కాగదు.

బండ పూర్తిగా వాడకముందే మార్చారని డీలర్ తరఫు మనిషి ఆ చీటీ వెనక రాశాడు. మంట లేదని ఆ ఇల్లు అంటోంది, గ్యాస్ ఉందని డీలర్ అంటున్నాడు. రెండూ నిజమే అనుకున్నాకే దారి కనిపించింది.

తేదీలను మరోలా పేర్చాను. డిసెంబరులో బిగించిన నిండు బండకు ఫిర్యాదు లేదు. అదే బండ జనవరిలో అడుగంటేసరికి ఫిర్యాదు వచ్చింది. ఏప్రిల్‌లో అడుగంటిన బండకు లేదు. రెండు షరతులూ కలవాలి: చలి ఉండాలి, బండ చివరికి రావాలి.

ఎత్తయిన ప్రాంతం కనుక పీడనం తక్కువని ఒకరు సూచించారు. అది తలకిందుల వాదన. బయటి గాలి పీడనం తగ్గితే బండలోని ఆవిరి బయటికి రావడం ఇంకా తేలికవుతుంది.

వంటగ్యాస్‌లో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ దాదాపు మైనస్ అర డిగ్రీ దగ్గర. ఆవిరిని వాడుకునే కొద్దీ ప్రొపేన్ ముందు వెళ్లిపోతుంది. అడుగున మిగిలేది ఎక్కువగా బ్యూటేన్. 5 డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఒక్కదాని ఆవిరి పీడనం, సముద్రమట్టంలో గాలి పీడనం కన్నా పావు వంతు మాత్రమే ఎక్కువ. రెగ్యులేటర్ పీడనాన్ని తగ్గించగలదు, పెంచలేదు.

ఇక్కడే ఆగిపోతే లెక్క కుదరదు. పొయ్యికి కావలసింది సుమారు 30 మిల్లీబార్లు. పావు వంతు అంటే 200 మిల్లీబార్లకు పైనే. చింతపల్లి చలికాలపు ఉదయాలు పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే, అయినా వంటగది లోపల అంత చల్లగా ఉండదు. గది చలి ఒక్కటే మంటను చంపలేదు.

మిగతాది బండ తనకు తానే చేసుకుంది. కిలో ద్రవం ఆవిరి కావాలంటే సుమారు 380 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడి ద్రవం నుంచి, దాన్ని తాకే ఇనుము నుంచి రావాలి. నిండు బండలో ద్రవం ఎక్కువ, అది తాకే గోడ ఎక్కువ, చల్లబడటం నిదానం. కిలోన్నరే మిగిలినప్పుడు రెండు పొయ్యిలూ గంట సేపు మండితే ద్రవం గది కన్నా చాలా చల్లబడుతుంది. ఆవిరి పీడనం ఇంకా పడిపోతుంది. ఉత్తరంలోని మూడో రుజువు ఇక్కడ అక్కరకొచ్చింది. బండ చెమర్చింది "కింద జానెడు మేర" అట. గాలిలోని తేమ చల్లని ఇనుము మీద పట్టింది, అదీ లోపల ద్రవం తాకుతున్న మేరకే. నీళ్లకు సాక్ష్యంగా రాసిన వాక్యమే అసలు కారణానికి సాక్ష్యమైంది.

గ్యాస్ నాణ్యత మాటేమిటి? మన ప్రమాణం, అంటే ఐఎస్ 4576, మిశ్రమం ఆవిరి పీడనానికి 1050 కిలోపాస్కళ్ల పైహద్దు పెట్టింది. ఆ కొలత 40 డిగ్రీల వద్ద. ప్లాంటులో ఆ పరీక్షలో నెగ్గిన గ్యాసే జనవరి ఉదయం అడుగంటిన బండలో మంట ఇవ్వకపోవచ్చు. పీడనం వేరు, నాణ్యత వేరు అనుకుని ఇరుపక్షాలూ వాదించుకున్నాయి. నింపిన రోజు గ్యాస్, చివరి వారం గ్యాస్ ఒకటి కావు. ఎవరూ ఏదీ కలపకపోయినా అంతే.

మరి ఫిర్యాదులు ఎందుకు ఆగిపోయాయి? 1999 అక్టోబరు పద్దుల్లో రెండో బండకు కట్టిన డిపాజిట్ ఉంది. ఆ తర్వాత చలికాలాల్లో మంట తగ్గిన బండను తీసి పక్కన పెట్టి, నిండు బండను వంటకు బిగించారు. పాత దాన్ని మధ్యాహ్నం కాఫీకి వాడారు. ఒక్క పొయ్యి, చిన్న మంట, పది నిమిషాలు. అంత కొంచెం ఆవిరికి ఎండ వేడి చాలింది. 2000 జనవరిలో తిరిగి ఇచ్చిన బండ తూకం కూడా రాసిపెట్టారు: 15.7 కిలోలు, దాదాపు ఖాళీ బరువే.

1998లో వెనక్కి వెళ్లిన కిలోన్నరకు డబ్బు తిరిగి ఇచ్చినట్టు గ్యాస్ బుక్‌లోనూ లేదు, పద్దుల్లోనూ లేదు. ఉత్తరానికి జవాబు కూడా ఈ కట్టలో లేదు.