నదీజలాలు – తీరసముద్రంలో పోషకాల కొరత

నది సముద్రంలో కలిసేటప్పుడు నీటితో పాటు తాను దాటివచ్చిన నేలల సారాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. తీరసముద్రంలోని జీవరాశికి ఆ సారమే ప్రధానమైన ఆధారం. అయితే నదీజలం ఎంత చేరితే సముద్రం అంత సారవంతమవుతుందన్న అభిప్రాయం పూర్తిగా సరియైనది కాదు. ఏ పోషకం ఎంత చేరినదన్న దానికంటె, ఏది తక్కువైనదన్నదే ముఖ్యం.

పరిమితి కారకం

సముద్రజలంలో తేలియాడే సూక్ష్మమైన మొక్కలను వృక్షప్లవకాలు అంటారు. వీటిని చిన్న ప్రాణులు, ఆ ప్రాణులను చేపలు తిని బ్రతుకుతాయి. వృక్షప్లవకాల ఎదుగుదలకు నత్రజని, భాస్వరం అవసరం. వీటిలో డయాటములనే వర్గానికి పెంకు కట్టుకొనుటకు సిలికా కూడా కావాలి. ప్లవకాల దేహంలోని మూలకాలకు, సముద్రజలంలోని మూలకాలకు నిష్పత్తి పోలిక ఉన్నదని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో గుర్తించాడు. నేడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఒక భాస్వర పరమాణువుకు 16 నత్రజని పరమాణువులు కావాలి.

బియ్యం బస్తాలకొద్దీ ఉన్నా, చింతపండు గుప్పెడే ఉంటే పులిహోర ఆ గుప్పెడుకు తగినంతే అవుతుంది. అట్లే సముద్రంలో కొరవడిన పోషకమే పంటకు హద్దు అవుతుంది. దానినే పరిమితి కారకం అంటారు. సాధారణంగా సముద్రాలలో నత్రజని కొరత ఎక్కువ. నత్రజని అధికంగా ఉన్న నదీజలం చేరినచోట ఆ కొరత భాస్వరానికి మారవచ్చు.

గోదావరి మొగలో జరిగేది

మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. యానాం గౌతమీ పాయ ఒడ్డున ఉన్నది. నది నీటిలో అత్యధిక భాగం నైరుతి ఋతుపవనాల నెలలలోనే సముద్రానికి చేరుతుంది. ఎగువనున్న దక్కను నల్లరాతి నేలలు అరిగి సిలికానిస్తాయి. పొలాల నుండి నత్రజని కరిగివస్తుంది. భాస్వరంలో చాలా భాగం మట్టిరేణువులను అంటుకొని వస్తుంది. ఉప్పునీరు తగిలిన పిమ్మట అందులో కొంత విడివడి నీటిలో కలుస్తుంది.

ఎర్రనీరు వచ్చిన రోజులలో మొగ వద్ద పోషకాలు సమృద్ధిగా ఉన్నా ప్లవకాలు అంతగా పెరగవు. బురదనీటిలోనికి సూర్యకాంతి చొరబడకపోవడమే ఇందుకు కారణం. అప్పుడు వెలుతురే పరిమితి కారకం. మట్టి అడుగుకు దిగి నీరు తేరుకున్నచోట ప్లవకాలు విజృంభిస్తాయి. ఇంకా లోపలికి పోయిన కొలదీ పోషకాలు ఖర్చయి కొరత మొదలవుతుంది.

బంగాళాఖాతానికి మరొక ప్రత్యేకత కలదు. నదుల నుండి, వానల నుండి వచ్చిన మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కనుక పైపొరగా నిలుస్తుంది. ఆ పొర మూతవలె పనిచేసి, లోతులలోని పోషకాలను పైకి రానీయదు. బంగాళాఖాతపు ఉత్పాదకత అరేబియా సముద్రం కంటె తక్కువగా ఉండుటకు ఇది ఒక ముఖ్యకారణం. అనగా పోషకాలను తెచ్చిన నదీజలమే మరొక దారిని మూసివేయగలదు.

ఎరువులు, ఆనకట్టలు

మానవుని చర్యలు ఈ నిష్పత్తులను రెండు విధాల మారుస్తున్నాయి. యూరియా అధికంగా వాడిన పొలాల నుండి నత్రజని పెరుగుతుంది. జలాశయాలలో మట్టి, దానితో భాస్వరం అడుగున చేరిపోతాయి. నిలిచిన నీటిలో పెరిగే డయాటములు సిలికాను కూడా అక్కడే పట్టివేస్తాయి. గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970ల దశాబ్దితో పోలిస్తే 1990ల నాటికే సగానికన్న తక్కువైనది. సిలికా తగ్గి నత్రజని పెరిగినచోట డయాటములకు బదులు ఇతర ప్లవకాలు ప్రబలే అవకాశమున్నది. వాటిలో కొన్ని చేపలకు హానికరం.

అన్యదేశాల అనుభవం

ఈజిప్టులో అస్వాన్ హైడ్యాం 1964లో నైలునదిని అడ్డగించిన తరువాత, వరదనీటితో వచ్చే పోషకాలు ఆగిపోయి, తీరంలోని కవళ్ళ జాతి చేపల పట్టుబడి కొద్ది ఏండ్లలోనే కుప్పకూలింది. 1980ల నుండి చేపలు తిరిగి పెరిగాయి. ఎరువులు, పట్టణాల మురుగునీరు సముద్రంలో చేరడమే అందుకు కారణమని శాస్త్రజ్ఞుల భావన. అమెరికాలో ఇందుకు విరుద్ధం. మిసిసిపీ నది తెచ్చే అధిక నత్రజని వలన మెక్సికో సింధుశాఖలో ప్లవకాలు మితిమీరి పెరిగి, చచ్చి కుళ్ళి, అడుగునీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. 2017లో అట్టి నిర్జీవ ప్రాంతం సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు వ్యాపించింది. అక్కడ వసంతకాలంలో నత్రజని మితిమీరి భాస్వరమే పరిమితి కారకమవుతున్నది. అందుచేత రెండు పోషకాలనూ తగ్గించవలెనన్న నిర్ణయానికి వచ్చారు.

దిగువవారి జీవనం

గోదావరి పరీవాహకం మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా, కర్ణాటకలకు, యానాంకు చెందినది. నాందేడు పొలంలో చల్లిన ఎరువు, నిజామాబాదు జలాశయంలో నిలిచిన మట్టి యానాం వలలోని చేపతో సంబంధం లేనివి కావు. సముద్రానికి పోయే నీరంతా వృథా అనే మాట తరచుగా వినవస్తుంది. వరదనీటికోసం ఎదురుచూసే పులసకు, దానిపై ఆధారపడిన మత్స్యకారులకు ఆ మాట వర్తించదు. నదీజలాల పంపకంలో ఎన్ని టి.ఎం.సి.లన్న లెక్కతో పాటు, ఏ ఋతువులో, ఎట్టి పోషకాలతో నీరు సముద్రానికి చేరుతున్నదన్న లెక్క కూడా అవసరం.