తెలంగాణలో కాంగ్రెస్–కమ్యూనిస్టు పోరాట మైత్రి, చీలిక (1947–1951)

నిజాం పాలనను కూలదోయడానికి 1947లో చేతులు కలిపిన స్టేట్ కాంగ్రెస్, కమ్యూనిస్టు పార్టీ ఏడాది తిరిగేసరికి ప్రత్యర్థులయ్యాయి. 1948 సెప్టెంబరు తర్వాత ఒకటి ప్రభుత్వం పక్షాన నిలిస్తే రెండోది అదే ప్రభుత్వ సైన్యంతో మూడేళ్లు తలపడింది. ఈ పోరు ఎక్కువగా నల్గొండ జిల్లాలో సాగింది. తర్వాతి దశలో మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ అడవులకూ పాకింది.

ఇరుపక్షాలూ ఆంధ్ర మహాసభ అనే ఒకే గూటిలో పెరిగినవే. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు పాలమూరు (మహబూబ్‌నగర్) బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. మరుసటి ఏడు దేవరకొండ సభకు అదే జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించారు. భువనగిరి తాలూకా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొన్నారు, 1941 చిలుకూరు మహాసభకు అధ్యక్షులయ్యారు. 1944 భువనగిరి సభలో ఆయన మళ్లీ అధ్యక్షులైనప్పుడు మితవాదులు విడిపోయారు. వెట్టి, భూమి అనే రెండు ప్రశ్నల దగ్గరే దారులు చీలాయి.

1946 జూలై 4న అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయారు. ఆ తర్వాత జనం ‘సంఘం’ అని పిలుచుకున్న మహాసభ ఊరూరా పాకింది. దొరల గడీల ముందు తలవంచి నడిచిన జనమే కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఏడాది చివర నిజాం ప్రభుత్వం మహాసభను, కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది.

హైదరాబాదు స్వతంత్రంగా ఉంటుందని నిజాం 1947 జూన్‌లో ప్రకటించడంతో పాత విభేదాలు వెనక్కి జరిగాయి. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7న భారత యూనియన్‌లో చేరాలంటూ ఉద్యమం మొదలుపెట్టింది. కమ్యూనిస్టులు కలిసివచ్చారు. జెండాలు ఎగిరాయి, నిజాం ఆబ్కారీ ఆదాయాన్ని దెబ్బతీసేందుకు ఈతచెట్లు నేలకొరిగాయి, కరోడ్‌గిరీ (సుంకం) నాకాలు తగలబడ్డాయి. సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అయితే ఈ మైత్రికి ఉమ్మడి లక్ష్యం ఒక్కటే, యూనియన్‌లో విలీనం. దొరల భూమి ఎవరికి దక్కాలన్న ప్రశ్నపై ఇరుపక్షాల మధ్య ఏ ఒప్పందమూ లేదు. కమ్యూనిస్టు దళాలు భూములు పంచుతూ పోయాయి. కాంగ్రెస్ కార్యకర్తలు సరిహద్దుకు అవతల శిబిరాలు పెట్టుకుని దాడులు సాగించారు. నెలలు గడిచేకొద్దీ ఉమ్మడి పని పలచబడింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. బెజవాడ వైపు నుంచి బయల్దేరిన దళం మునగాల మీదుగా సూర్యాపేట చేరేసరికి, వెనక్కి తగ్గుతున్న నిజాం సేనలు మూసీ వంతెనను పేల్చేశాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. ఊళ్లలో జనం సైనికులకు స్వాగతం పలికారు. నిజాం పక్షాన ఊళ్లపై పడిన సాయుధ మూకలైన రజాకార్ల బాధ తీరిందన్నది నిజమైన సంతోషం, దాన్ని తక్కువ చేయరాదు.

కానీ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక ప్రభుత్వం త్వరలోనే కమ్యూనిస్టు దళాలపైకి తిరిగింది. పట్నాలకు పారిపోయిన దొరలు సైనిక శిబిరాల అండతో తిరిగొచ్చి, పంచిన భూములు గుంజుకున్నారు. నిన్నటి సంఘం మనిషి నేటి నేరస్థుడయ్యాడు. ప్రత్యేక ట్రిబ్యునల్ మరణశిక్ష వేసిన నల్గొండ రైతుల తరఫున బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. ఆ శిక్షలు తర్వాత యావజ్జీవ ఖైదుగా మారాయి. మైదానంలో నిలవలేని దళాలు నల్లమలలోకి, చెంచు పెంటల (గూడేల) మధ్యకు తరలాయి. ఈ పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని పార్టీ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

మిత్రులు శత్రువులు కావడం ఆ కాలంలో తెలంగాణకే పరిమితం కాలేదు. జర్మన్లు వెళ్లిపోయిన కొద్ది వారాలకే, 1944 డిసెంబరులో, ఏథెన్స్‌లో బ్రిటిష్ సేనలు గ్రీకు ప్రతిఘటన యోధులపై కాల్పులు జరిపాయి. మలయాలో జపాన్‌పై బ్రిటన్‌తో కలిసి పోరాడిన కమ్యూనిస్టులు 1948లో అదే బ్రిటన్‌పై అడవిబాట పట్టారు.

మరి 1948 సెప్టెంబరులోనే తుపాకులు దించి ఉంటే? ఇది తర్వాతి తరం ఊహ కాదు, ఆనాటి కమ్యూనిస్టు పార్టీని చీల్చిన ప్రశ్న. ఆపాలన్నారు రావి నారాయణరెడ్డి. ఆపితే రైతు చేతికొచ్చిన భూమి పోతుందన్నారు సుందరయ్య. సూర్యాపేట తాలూకా దళనేత భీమిరెడ్డి నరసింహారెడ్డిదీ కొనసాగించాలన్న మాటే. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో, కౌలుదారీ చట్టం 1950లో వచ్చాయి. అప్పటికి దళాలు ఇంకా అడవిలోనే ఉన్నాయి. ఆ ఒత్తిడి లేకుంటే చట్టాలు అంత త్వరగా వచ్చేవని నమ్మడం కష్టం. అయితే ఎన్నో కుటుంబాలు కన్నకొడుకులను పోగొట్టుకున్నది కూడా ఆ ఏళ్లలోనే. యూనియన్ సైన్యం వచ్చాక తుపాకి పక్కనపెట్టి, భూమి కోసం బహిరంగ ఉద్యమం నడపాలన్న రావి మాటే బలమైనదని తర్వాతి ఘటనలు సూచిస్తాయి.

1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో గాంధేయవాది వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. నిషేధం తొలగకపోవడంతో 1952 ఎన్నికల్లో ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరుతో పోటీ చేసింది. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. కాంగ్రెస్ తరఫున షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు, వనపర్తి నుంచి సురవరం శాసనసభకు వెళ్లారు. ఒకే మహాసభకు అధ్యక్షత వహించినవారు ఎదురెదురు పక్షాల్లో చట్టసభలకు చేరారు.

ఏటా సెప్టెంబరు 17న జరిగే ఉత్సవాలు, వాదాలు ఆ తేదీ దగ్గరే ఆగిపోతున్నాయి. నల్గొండ, పాలమూరు పల్లెల కథ 1951 అక్టోబరు దాకా ఉంది. అక్కడి దాకా చదవండి.