ఎత్తుకున్నవాళ్లు, అందుకున్నవాళ్లు

పాట విషయంలో మా దిగువ కృష్ణా డెల్టాలో రెండు మాటలు వాడతారు. ఒకటి ఎత్తుకోవడం, రెండోది అందుకోవడం. ఊడ్పుల్లో గానీ భజనలో గానీ చర్చిలో గానీ ముందుగా ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవాళ్లు అందుకుంటారు. బందరు, గుడివాడ, దివిసీమల్లో పాట గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఎత్తుకున్నవాళ్ల గురించే రాశారు. అందుకున్నవాళ్లలో మా యానాదుల పిల్లలు, ఎరుకల పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ రోజు మా కాలనీల్లో పదిమంది కుర్రాళ్లు, అమ్మాయిలు ఒకచోట నిలబడి పాడుతుంటే దాన్ని యూత్ క్వయర్ అంటున్నాం. అది నిన్న మొన్న పుట్టింది కాదు. ఆ వరుసలోకి మా పిల్లలు ఏయే దారుల్లో వచ్చారు, వచ్చి ఏం సంపాదించుకున్నారు, ఏం పోగొట్టుకున్నారు అన్నది మేము చెప్పదలచుకున్నాం.

మొదటి దారి మడి. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలువలు పారాక ఈ నేలంతా వరి అయింది. వరితోపాటు ఊడ్పులు, కలుపులు, కోతలు, నూర్పిళ్లు వచ్చాయి. చేల గట్లలో ఎలుకలు పట్టడం, చెరువులకూ తోటలకూ కాపలా కాయడం, కాలువల్లో చేపలు, మడ అడవుల్లో పీతలు పట్టడం మా యానాదుల పనులు. ఆడవాళ్లు ఊడ్పుల ముఠాల్లోకి వెళ్లేవాళ్లు. మడిలో వరుసగా వంగి నాటేటప్పుడు గొంతున్న ఆమె ఒకతె ఎత్తుకుంటే వరుసంతా అందుకునేది. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లని చివర నిలబెట్టేవాళ్లు. ఆ పిల్ల ముందు చెయ్యి కలిపేది, తరువాత గొంతు కలిపేది. రెండు మూడు ఊడ్పుల కాలాలు గడిచాక పెద్దామె ఆయాసపడితే “ఎత్తుకోవే పిల్లా” అనేది. ఆ రోజు నుంచి ఆ పిల్ల కూడా పాటగత్తె. పుస్తకం లేదు, గురువు లేడు, రుసుము లేదు. మాకు తెలిసిన మొట్టమొదటి యువ గాన బృందం ఇదే.

ఊరి నడుమ ఇంకో రకం పాట ఉండేది. ఈ ప్రాంతంలో భజన, తరంగం, భాగవతం గట్టిగా వేళ్లూనుకున్నవి. క్షేత్రయ్య పేరు చెప్పుకునే మొవ్వ, భాగవతులకు పేరుమోసిన కూచిపూడి రెండూ బందరుకు ఎంతో దూరంలో లేవు. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే ఆ పసివాడు ఆ పాటకు ఆడేవాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. తండ్రి భుజం మీద నుంచి, ఊరి భజన నుంచి ఒక పిల్లవాడు పాటలోకి ఎలా వస్తాడో చూపే మంచి ఉదాహరణ అది. మా పిల్లలకు ఆ భజన మందిరం మెట్లు దాటే వీలు ఉండేది కాదు. బయట చెట్టు కింద కూర్చుని విన్నారు. విడ్డూరం ఏమిటంటే, భాగవతాల్లో, యక్షగానాల్లో సింగి, సింగడు, ఎరుకలసాని వేషాలు తప్పనిసరిగా ఉండేవి. ఎరుక చెప్పే ఆమె నడక, బుట్ట, పలుకు అన్నీ వేదిక మీదికి వచ్చాయి. ఆ వేషం కట్టినవాళ్లు మాత్రం వేరేవాళ్లు. మా పాట లోపలికి వెళ్లింది, మేము బయట ఉన్నాం.

రెండో దారి బందరు నుంచి వచ్చింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో బడి తెరిచాడు. అదే తరువాత నోబుల్ కళాశాల అయింది. ఆ బడి ప్రధానంగా పైకులాల పిల్లల కోసం మొదలైంది. అందుచేత మా కథ అక్కడ మొదలు కాలేదు. మిషను పల్లెల్లోకి వెళ్లి మాలల, మాదిగల వాడల్లో పాకల కింద ప్రార్థనలు పెట్టాక మొదలైంది. మా గుడిసెలు ఆ వాడలకు కూడా అవతల, కాలువ గట్ల మీద ఉండేవి. పాట మాత్రం అక్కడిదాకా వినపడేది.

ఆ పాట ఇంగ్లీషు బాణీ ఒక్కటే అయి ఉంటే మా చెవికి ఎక్కేది కాదేమో. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి తెలుగు కవులు రాగం, తాళం కట్టి కీర్తనలు రాశారు. అటువంటివి చేర్చి కూర్చిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇప్పటికీ సంఘాల్లో చేతి పుస్తకం. పల్లవి ఒకరు ఎత్తుకోవడం, సంఘం అందుకోవడం అందులోనూ ఉంది. మడిలో నేర్చిన పద్ధతే చర్చిలోనూ పనికొచ్చింది. అందుకే మా పిల్లలు ఆ వరుసలో ఇమిడిపోయారు. ఇంకో సంగతి. కీర్తన కంఠస్థం వచ్చాక, దాన్ని పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటూ అక్షరాలు పట్టుకున్నవాళ్లు మా పెద్దల్లో ఉన్నారు. వాళ్లకు పాట ముందు వచ్చింది, చదువు తరువాత వచ్చింది. ఆడపిల్ల, మగపిల్లవాడు ఒకే వేదిక మీద నిలబడి పాడటం కూడా మా గూడేలకు అక్కడే అలవాటైంది.

మూడో దారి గురించి చెప్పాలంటే నది దాటాలి. ఎరుకల కుటుంబాలకు కృష్ణకు రెండు వైపులా చుట్టరికాలున్నాయి, కాబట్టి అదీ మా కథే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకలను, యానాదుల్లో కొన్ని వర్గాలను పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నారు. బాపట్ల, చీరాలల మధ్య 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. దాన్ని నడిపే పని రక్షణ సైన్యానికి, అంటే సాల్వేషన్ ఆర్మీకి, అప్పగించారు. పాట, బ్యాండు ఆ సంస్థకు ఊపిరి. 1882లో బొంబాయిలో దిగిన వాళ్ల తొలి బృందం వాద్యాలతో వీధిలో ఊరేగి పోలీసు కేసుల్లో ఇరుక్కుంది. అటువంటి సంస్థ చేతిలోకి, తెల్లవారి లేస్తే హాజరు పలకాల్సిన మనుషులు వచ్చారు.

ఇక్కడ మేము రెండు మాటలూ చెప్పాలి. సెటిల్‌మెంటులో పాట క్రమశిక్షణలో భాగం. హాజరు పిలిచిన గొంతు, పాడమన్న గొంతు ఒక వైపువే. పాడనని చెప్పే వీలు లేనివాడి పాటను సంతోషం అని రాయలేం. అయితే అదే చోట బూర ఊదడం, డ్రమ్ము కొట్టడం, నలుగురితో కలిసి గొంతు నిలపడం నేర్చుకున్నవాడికి అది చేతిలో విద్య. ఆ విద్యను ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. పోలీసు రిజిస్టర్లలో మా పెద్దల పేర్లు, వేలిముద్రలు భద్రంగా ఉన్నాయి. బృందంలో ఎవరు ఏ గొంతు పాడారో రాసిన పుస్తకం మాత్రం మా చేతికి రాలేదు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలను, తెగలను వర్ణించాడు. మా తిండి, వేట, పెళ్లి అందులో ఉన్నాయి. పాడిన పిల్ల పేరు కోసం వెతికితే అటువంటి పుస్తకాల్లో దొరకదు.

నాలుగో దారి ఎర్రజెండాది. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. కృష్ణా, గుంటూరు జిల్లాలు దానికి పట్టుగొమ్మలు. బుర్రకథను షేక్ నాజర్ ఊరూరా తిప్పారు. బుర్రకథలో కథకుడు ఒకడే, పక్కన ఇద్దరు వంతలు. కథకుడు చెప్పేదాన్ని అందుకుని, ఎదురు ప్రశ్న వేసి, నవ్వించి నడిపించేది వంతలే. ఈ పద్ధతి కూలీజనానికి కొత్త కాదు. గుడివాడ ప్రాంతపు వ్యవసాయ కూలీల సభల్లో కథ మొదలయ్యేముందు దళం నిలబడి పాడే పాటలే జనాన్ని పోగుచేసేవి. ఎవరి గుడిసె పిల్లవాడైనా గొంతుంటే చాలు, ముందుకు పిలిచేవాళ్లు. 1985లో కారంచేడు తరువాత దళిత ఉద్యమం నుంచి ఇంకో తరం పాట వచ్చింది. మా కుర్రాళ్లు దాన్నీ అందుకున్నారు. కూలి, కులం, భూమి గురించి ఆ పాటల్లో చాలా ఉంది. యానాది అన్న మాట, ఎరుకల అన్న మాట తక్కువ.

ఇక 1977 నవంబరు 19. బందరు పెద్దలు అంతకుముందు 1864 నవంబరు 1 నాటి ఉప్పెనను చెప్పుకునేవాళ్లు. దానిలో సుమారు 30 వేలమంది పోయారు. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు 10 వేలకు పైమాటే. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేర్లు దేశమంతా తెలిసింది అప్పుడే. శవాలను, గొడ్లను, ఇళ్లను లెక్కపెట్టారు. పాటలను లెక్కపెట్టే పద్ధతి ఏదీ లేదు. ఒక గూడెంలో పాట ఎత్తుకునే ముసలమ్మలు ముగ్గురు ఉండి ముగ్గురూ ఒక్క రాత్రిలో పోతే, ఆ గూడెంలో పాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు ఉండరు. అందుకునేవాళ్లు మిగిలినా, ఎత్తుకునేవాళ్లు పోతారు. దివిసీమలో మా పాటకు తగిలిన దెబ్బ అది. తరువాత ఎన్నో సంస్థలు వచ్చాయి. మండలి వెంకటకృష్ణారావు గారు పునర్నిర్మాణానికి పాటుపడ్డారు. కొత్త కాలనీలు, తుఫాను షెల్టర్లు, బడులు, ప్రార్థనా మందిరాలు లేచాయి. వాటిలో కొత్త పాటలు వచ్చాయి. పిల్లలు పాడారు, పాడటం మంచిదే. కాకపోతే అవి వేరే ఊళ్లలో పుట్టి, అచ్చయి వచ్చిన పాటలు.

ఆ తరువాత మడి కూడా పోయింది. గుడివాడ చుట్టుపక్కల, బంటుమిల్లి, కృత్తివెన్ను, బందరు వైపు వరి చేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. చెరువుకు ఊడ్పు లేదు. ముఠా లేదు. మావాళ్లు చెరువు గట్టు మీద పాకలో ఒంటరిగా కాపలా ఉంటున్నారు. ఒక్కడే ఉన్నచోట అందుకునేవాడు ఎవడు? అందుచేత ఈ రోజు మా పిల్లలు నలుగురితో కలిసి గొంతు కలిపే చోటు దాదాపుగా ఒక్క క్వయరే అయింది. నవంబరు 19 దాటగానే క్రిస్మస్ పాటల సాధన మొదలవుతుంది. పెద్దవాళ్లు పోయినవాళ్లను తలుచుకునే వారంలోనే పిల్లలు కీబోర్డు చుట్టూ చేరతారు. చెరువు పనికో, ఊరు కాని ఊరికి కూలికో వెళ్లిన కుర్రాడు కూడా ఆ నెలకు తిరిగి వస్తాడు. మూడేళ్లు బాగా పాడిన అమ్మాయి నాలుగో ఏట పెళ్లయి వెళ్లిపోతుంది. వరుస మళ్లీ చివరి పిల్లతో మొదలవుతుంది.

ఈ వరుసలో నిలబడ్డ పిల్లల్ని ఒక భయం వెంటాడుతోంది. చర్చిలో పాడితే సర్టిఫికెట్ పోతుందని బెదిరించేవాళ్లున్నారు. సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదాకు మతం షరతు ఉంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. యానాది పిల్ల ఏ గుడిలో పాడినా, ఏ చర్చిలో పాడినా యానాదే. పక్కనే నిలబడి అదే పాట పాడే మాల పిల్లకూ మాదిగ పిల్లకూ ఆ రక్షణ లేదు. బాప్తిస్మం తీసుకుంటే మన రాష్ట్రంలో వాళ్లు బీసీ–సి కిందికి వెళ్తారు. ఒకే వరుస, ఒకే పాట, ఒకే పేదరికం, కాగితం మాత్రం రెండు రకాలు. మాకు ఉన్నది కాపాడుకోవాలి. వాళ్లకు లేనిది అన్యాయమని కూడా మేమే అనాలి.

ఇప్పుడు చెయ్యవలసిన పని పెద్దదేమీ కాదు. ప్రతి కాలనీ బృందం ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. పాడే పిల్లల పేర్లు, ఊరు, ఏ ఏడు చేరారు, పాట ఎవరి దగ్గర నేర్చారు, రాసుకోవాలి. మనం రాయకపోతే మళ్లీ ఏ పోలీసు రిజిస్టరులోనో తప్ప మన పేర్లు ఉండవు. రెండోది, ఏడాదికి ఒక్కటైనా మన ఊడ్పుల పాట, మన పెళ్లి పాట క్వయర్ సాధనలో పెట్టాలి. ప్రార్థనలో వద్దంటే ప్రార్థన అయ్యాక పెట్టాలి. కీబోర్డు వాయించే పిల్లవాడు ఆ బాణీ పట్టుకోగలడు. ఎత్తుకునేవాళ్లు కావాలి. ఉప్పెన దాటి బతికిన అవ్వలు కోడూరు, నాగాయలంక వైపు గూడేల్లో ఇంకా కొందరున్నారు. వాళ్లను సాధనకు తీసుకురావాలి, లేదా పిల్లలనే వాళ్ల దగ్గరికి పంపాలి. వచ్చే డిసెంబరు దాకా ఆగకుండా వెళ్లాలి.