గోలకొండ సయోధ్య: పారశీక దర్బారు, తెలుగు కరణం

భాష, మతం, ఆచారం వేరువేరుగా గల జనసమూహాలు ఒకే రాజ్యంలో పరస్పర సమ్మతికి ఎలా వచ్చాయన్న ప్రశ్నకు దక్కను చరిత్రలో దొరికే సమాధానాల్లో 1518 నుంచి 1687 దాకా సాగిన గోలకొండ కుతుబ్‌షాహీల పాలన చెప్పే సమాధానం ఎంతో విలువైనది. ఈ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్కమాన్ కుటుంబీకుడు; మతం షియా ఇస్లాం, దర్బారు భాష పారశీకం. ఆయన ఏలిన నేలను దున్నే రైతులు, కోటలు కాచే నాయకులు, గ్రామ లెక్కలు రాసే కరణాలు మాత్రం తెలుగువారు. ఇక్కడ కుదిరిన సయోధ్యను పాలకుల ఔదార్యంగా వర్ణించడం మన చరిత్ర రచనలో పరిపాటి. ఆ ఔదార్యం ఉన్నమాట నిజమే అయినా, దానికి అడుగున భూమి, చెరువు నీరు, శిస్తు, కోట కాపలా అనే గట్టి అవసరాలు ఉన్నాయి. అవసరంలో పుట్టినందువల్లనే ఆ సయోధ్య ఒక రాజు మనస్తత్వంతో ముగిసిపోక, నూరేళ్లకు పైగా నిలిచింది.

దీనికి నిజమైన పునాది వేసినవాడు ఇబ్రహీం కుతుబ్‌షా. అన్న జంషీద్ పాలనలో ప్రాణభయంతో స్వదేశం విడిచిన ఆయన, 1543 తరువాత సుమారు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. ఆ ప్రవాసం ఆయనకు తెలుగు వినికిడినీ, కవులను పోషించే రాజమర్యాదనూ, నాయకుల బలంపై రాజ్యం ఎలా నిలుస్తుందన్న అవగాహననూ ఇచ్చింది. 1550లో సింహాసనం కోసం తిరిగివచ్చినప్పుడు ఆయన పక్షాన నిలిచినవారిలో నాయకవాడీలు, అంటే కోటల రక్షణ బాధ్యత గల తెలుగు సైనికదళాల పెద్దలు, ముఖ్యులు. కోయిలకొండ దుర్గంలో వారు ప్రకటించిన విధేయత తెలుగు శాసనంగా శిలకెక్కింది. విధేయతను ఏ భాషలో ప్రమాణం చేస్తారో ఆ భాషకు రాజ్యంలో చోటు ఇవ్వక తప్పదు. పూర్వం కందూరు చోడుల కాలంలో వెలసిన పానగల్లు చెరువు దగ్గర ఇబ్రహీం కాలపు శాసనం కనబడటం కూడా ఇదే కోవలోనిది: చెరువు తవ్వించినవారి మతంతో నిమిత్తం లేకుండా, దాని కింద పండే పంటను కాపాడుకోవడం ఏలేవారి విధి అయింది.

తెలుగు కవులు ఇబ్రహీంను మల్కిభరాముడు అని పిలిచారు. అద్దంకి గంగాధర కవి భారతకథ ఆధారంగా రచించిన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కృతిభర్త, అనగా కావ్యాన్ని అంకితం పుచ్చుకునే ప్రభువు, ముస్లిం అయినంత మాత్రాన కవి తన కావ్యమర్యాదను మార్చుకోలేదు, ప్రభువు తన మతాన్ని దాచుకోనూ లేదు. ఇంతకంటె విశేషమైనది పొన్నికంటి తెలగన యయాతిచరిత్ర. తత్సమాలను, అంటే సంస్కృతం నుంచి రూపం మారకుండా వచ్చిన పదాలను, పూర్తిగా విడిచి రాసిన మొదటి అచ్చతెలుగు కావ్యంగా ప్రసిద్ధమైన ఈ కృతిని అంకితం పొందినవాడు పటాన్‌చెరువులో ఉండిన కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖాన్. తెలుగు తన సొంత బలాన్ని పరీక్షించుకున్న ప్రయోగానికి ఆదరువు ఒక ముస్లిం సర్దారు లోగిలిలో దొరకడం సాహిత్య చరిత్రలో ఇంకా ఎక్కువగా తలచుకోదగిన సంగతి.

కావ్యాల కంటె లోతుగా ఈ సమ్మతిని చూపేవి ఫర్మానాలు, అంటే రాజాజ్ఞాపత్రాలు. రాజ్యపు కాగితాలు పారశీకంలోనూ తెలుగులోనూ జంటగా తయారయ్యే పద్ధతి ఇబ్రహీం తరువాత ఏలిన మహమ్మద్ కులీ కాలం నుంచి కనిపిస్తుంది. వంశం చివరి దశకు వచ్చేసరికి ఆజ్ఞ తెలుగులో నడిచి, దాని సారాంశం మాత్రమే పారశీకంలో వెనుకవైపు చేరే స్థితి ఏర్పడింది. ఈ మార్పును కోరినది దర్బారు కాదు, గ్రామం. ఏ పొలానికి ఎంత శిస్తు, ఏ మాన్యం ఎవరిది, ఏ కాలువ నీరు ఎవరికి ముందు పారాలి అన్న వివరాలన్నీ కరణం చేతిలోని తెలుగు లెక్కల్లో ఉండగా, ఆయన చదవలేని ఆజ్ఞ అమలయ్యే దారి లేదు. కాబట్టి పారశీక మున్షీ, తెలుగు లేఖకుడు ఒకే కచేరీలో పనిచేయవలసి వచ్చింది. ఆ లేఖకవర్గంలోనే కవులు కూడా పుట్టారు. వైజయంతీవిలాసం రచించిన సారంగు తమ్మయ్య గోలకొండ కరణమే. కవిత్వం లేఖకులకే పరిమితం కాలేదు: 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీ ఉర్దూలో కవిత్వం చెప్పి, అందులో ఈద్‌తో పాటు వసంతోత్సవాన్నీ, తొలకరినీ వర్ణించాడు.

అయితే ఈ సయోధ్యకు హద్దులున్నాయి, వాటిని దాచడం చరిత్రకు ద్రోహమే అవుతుంది. తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల పైకి 1565లో తక్కిన దక్కను సుల్తానులతో కలిసి కత్తి దూసినవారిలో ఇబ్రహీం ఉన్నాడు. 1579లో ఆయన సేన అహోబిల నరసింహాలయాన్ని కొల్లగొట్టగా, ఆ సేనకు నాయకుడు మురహరిరావు అనే హిందువు. రాజ్యాల పోరు మతాల గీత వెంబడి నడవలేదని ఈ ఘటన చెబుతుంది. అహోబిలం పొందిన నష్టం మాత్రం దానివల్ల తగ్గదు. తన రాజ్యంలో ఉన్న గుడికి మాన్యం నిలిపే ప్రభువే శత్రురాజ్యంలోని గుడిని సంపదగా చూశాడు.

చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో అక్కన్న, మాదన్న అనే హిందూ సోదరులు అత్యున్నత అధికారానికి ఎదిగారు.  మొగలుల దాడి నడుమ ఆ సోదరులు హత్యకు గురయ్యారు. 1687లో గోలకొండ ఔరంగజేబుకు స్వాధీనమయ్యాక ఆజ్ఞాపత్రాల్లో పారశీకానిదే పైచేయి అయింది, దర్బారులో తెలుగుకు దొరికిన చోటు కుంచించుకుపోయింది.

దర్బారులో పోయినది పల్లెల్లో పోలేదు. కుతుబ్‌షాహీలు పోషించిన మొహర్రం ఆచారం గ్రామాలకు పాకి పీర్ల పండుగ అయింది. కర్బలా అమరుల స్మృతిగా నిలిపే లోహపు పంజాలకు పీర్లని పేరు. వాటికి ఇల్లు పీర్లచావిడి. ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని ఊళ్లలో సైతం హిందువులు పీర్లకు దట్టీలు కట్టి, ఊదు వేసి, గుండం చుట్టూ ఆడటం తెలంగాణలోనూ రాయలసీమలోనూ నేటికీ ఉంది. ఈ సేవకు ఇచ్చిన ఇనాం భూములనూ, గుడి పూజకు ఇచ్చిన మాన్యాలనూ తరతరాలుగా ఒకే కరణం, ఒకే తెలుగు లెక్కలో రాస్తూ వచ్చాడు.