గ్యాస్ చాలిత రైఫిలు

తూటా పేలినపుడు పుట్టే వాయువుల పీడనంలో కొంత భాగాన్ని వాడుకొని, ఖాళీ తూటాను బయటకు నెట్టి, తరువాతి తూటాను తనంతట తానే ఎక్కించుకొనే తుపాకిని '''గ్యాస్ చాలిత రైఫిలు''' అంటారు. ఈ వాయువు చేసే పని బోల్టుకు చేరే తీరును బట్టి వీటిలో పిస్టన్ పద్ధతి, ప్రత్యక్ష గ్యాస్ పద్ధతి అని రెండు ముఖ్య రకాలు ఉన్నాయి. వాడుకరి దృష్టితో చూస్తే ఈ రెండింటి మధ్య అసలు తేడా మసి ఎక్కడ పేరుకుంటుందన్నదే. శుభ్రపరచే పద్ధతి దానిని బట్టే మారుతుంది.

== నేపథ్యం ==
హైదరాబాదులో అబిడ్స్ నుండి బషీర్‌బాగ్ వైపు వెళ్ళేటప్పుడు గన్‌ఫౌండ్రీ అనే ప్రాంతం వస్తుంది. రెండవ నిజాము నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు పోతపోసే కర్మాగారాన్ని కట్టించాడు. దీనినే తోప్ కా సాంచా అంటారు. స్థానికులు ఆయనను మూసా రాం అని పిలిచేవారు. మూసారాంబాగ్ పేరు కూడా ఆయన వలన వచ్చినదే. ఆ కాలపు ఫిరంగులకు, తుపాకులకు వాడినది నల్ల తుపాకిమందు. నల్ల తుపాకిమందు కాలినపుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. కొన్ని గుండ్లు పేల్చేసరికి గొట్టమంతా మసి పట్టి, మరో గుండును దించడమే కష్టమయ్యేది. ఇంత మసిలో సున్నితమైన కదిలే భాగాలు ఎక్కువసేపు పనిచేయలేవు. 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియే పొగలేని మందును కనిపెట్టిన తరువాతనే గ్యాస్ చాలిత రైఫిళ్ళు ఆచరణ సాధ్యమైనాయి.

మెక్సికోలో రూపొందిన మోండ్రాగన్ రైఫిలు ఈ తరహాలో సైన్యం స్వీకరించిన తొలి వాటిలో ఒకటి (1908). 1936లో అమెరికా ఎం1 గరాండును తన సైన్యానికి ప్రామాణిక రైఫిలుగా ఎంచుకొన్నది.

== పనిచేయు విధానం ==
బ్యారెలుకు ఒకచోట సన్నని రంధ్రం ఉంటుంది. గుండు ఆ రంధ్రాన్ని దాటిన క్షణంలో వేడి వాయువు అందులోంచి బయటకు దూసుకువస్తుంది. ఇంతవరకు అన్ని రకాలలోనూ ఒకటే.

పిస్టన్ పద్ధతిలో ఆ వాయువు బ్యారెలు దగ్గరే ఉన్న ఒక పిస్టనును వెనుకకు నెడుతుంది. ఏకే-47లో పిస్టను బోల్టు క్యారియరుకు అతికి ఉండి దానితోపాటే చివరి వరకు కదులుతుంది. ఇది దీర్ఘ గమన పిస్టన్. బెల్జియం వారి ఎఫ్.ఎన్. ఫాల్ రైఫిలులో పిస్టను ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది, క్యారియరు ఆ ఊపుతో వెనుకకు పోతుంది. ఇది హ్రస్వ గమన పిస్టన్. రెండింటిలోనూ మసిలో ఎక్కువ భాగం ముందువైపు సిలిండరులోనే మిగులుతుంది.

ప్రత్యక్ష గ్యాస్ పద్ధతిలో పిస్టన్ కడ్డీ ఉండదు. ఒక సన్నని గొట్టం ద్వారా వాయువు నేరుగా వెనుకకు వస్తుంది. స్వీడను వారి 1942 నాటి యుంగ్‌మన్ రైఫిలు, ఫ్రాన్సు వారి మాస్-49 ఈ కోవకు చెందినవి. అమెరికా ఎం16 కూడా ఇదే కోవలోనిదని సాధారణంగా చెబుతారు, కాని ఇది పూర్తిగా సరికాదు. దాని రూపకర్త యూజీన్ స్టోనర్ పద్ధతిలో వాయువు బోల్టు క్యారియరు లోపలికి వచ్చి అక్కడ వ్యాకోచిస్తుంది, బోల్టే పిస్టనుగా పనిచేస్తుంది. ఏ పేరుతో పిలిచినా మసి, వేడి మాత్రం బోల్టు మీదికే చేరుతాయి. దీనికి ప్రతిఫలంగా తుపాకి తేలికగా ఉంటుంది, ముందువైపు బరువైన భాగాలు కదలవు కనుక గురి చెదరడం తక్కువ.

== ఎం16 ఉదంతం ==
శుభ్రపరచడాన్ని తేలికగా తీసుకొంటే ఏమవుతుందో వియత్నాం యుద్ధంలో తెలిసివచ్చింది. ఎం16కు పెద్దగా శుభ్రం చేయనవసరం లేదన్న ప్రచారం జరిగింది. శుభ్రపరచే సామగ్రి చాలినంత పంపలేదు. అంతకు ముందే తూటాలలోని మందును మార్చారు. కొత్త మందు వలన మసి పెరిగింది, తుపాకి పేలే వేగమూ పెరిగింది. ఛాంబరుకు క్రోమియం పూత లేకపోవడంతో అక్కడి తేమకు తుప్పు పట్టి ఖాళీ తూటాలు లోపలే ఇరుక్కుపోయేవి. 1966-67లో పనిచేయని తుపాకులు చేతిలో ఉండగా సైనికులు మరణించిన సంఘటనలు వెలుగులోకి వచ్చాయి. 1967లో రిచర్డ్ ఐకర్డ్ నాయకత్వంలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపింది. తరువాత ఛాంబరుకు క్రోమియం పూత వేశారు, మందును సరిచేశారు, సామగ్రి పంచారు. ప్రసిద్ధ చిత్రకారుడు విల్ ఐస్నర్ చేత బొమ్మల పుస్తకం గీయించి సైనికులకు శుభ్రత నేర్పారు. గ్యాస్ పద్ధతిని మాత్రం మార్చలేదు. తప్పంతా ఆ పద్ధతిదే అని ఇప్పటికీ వినిపించే మాటకు ఇదే సరైన సమాధానం.

అలాగని తేడా లేదనీ కాదు. 2007లో అమెరికా సైన్యం దుమ్ములో జరిపిన పరీక్షలో ఒక్కొక్క రకానికి 60,000 తూటాలు పేల్చగా, ఎం16కు పొట్టి రూపమైన ఎం4 882 సార్లు ఆగింది. పిస్టన్ గల హెచ్‌కె416 233 సార్లు, ఎక్స్‌ఎం8 127 సార్లు ఆగాయి. అయితే ఎం4 విషయంలో 239 ఆటంకాలు మేగజైన్ల వలన కలిగినవి. అదే ఏడాది అంతకుముందు జరిగిన పరీక్షలో ఎం4 ఆగినది 307 సార్లే. కాబట్టి ఒక్క పరీక్షను పట్టుకొని తీర్పు చెప్పడం తొందరపాటవుతుంది.

== భారతదేశంలో ==
భారత సైన్యం, పోలీసులు వాడిన స్వదేశీ గ్యాస్ రైఫిళ్ళు పిస్టన్ రకానివి. 1960ల నుండి ఇచ్ఛాపూర్ కర్మాగారంలో తయారైన 1ఏ1 ఎస్.ఎల్.ఆర్. ఫాల్ రైఫిలుకు భారతీయ రూపం. దాని గ్యాస్ రెగ్యులేటరును తిప్పి పిస్టను మీదికి వెళ్ళే వాయువును పెంచవచ్చు, తగ్గించవచ్చు. మసి పట్టి రైఫిలు మందగించినపుడు వాయువును కాస్త పెంచి పని గడుపుకోవచ్చును, కాని అది శుభ్రతకు బదులు కాదు. 1990లలో వచ్చిన ఇన్సాస్ దీర్ఘ గమన పిస్టన్ కలది, రెగ్యులేటరు మాత్రం ఫాల్ తరహాదే. 1999 కార్గిల్ యుద్ధంలో చలికి దాని ప్లాస్టిక్ మేగజైన్లు పగిలాయని, కాల్చేటప్పుడు నూనె కళ్ళలో చిందిందని ఫిర్యాదులు వచ్చాయి.

== శుభ్రపరచుట ==
ఏ తుపాకినైనా ముందుగా మేగజైను తీసి, ఛాంబరు ఖాళీగా ఉన్నదని కంటితోను, వేలితోను నిర్ధారించుకొన్న తరువాతనే విప్పాలి. బ్యారెలును ఛాంబరు వైపు నుండి మూతి వైపుకు తుడవడం మంచిది. ఎన్.సి.సి. విద్యార్థులకు పరిచితమైన పుల్‌త్రూ తాడు, దానికి తగిలించే చిందీ గుడ్డ పనిచేసేది ఈ దిశలోనే.

పిస్టన్ రైఫిలులో పిస్టను తల, సిలిండరు, గ్యాస్ రంధ్రం మీద గట్టిపడిన మసిని గీకి తీయాలి. ఎస్.ఎల్.ఆర్. వంటి వాటిలో ఈ భాగాలను పొడిగానే ఉంచాలి. నూనె రాస్తే అది వేడికి మాడి కొత్త మసిగా మారుతుంది. కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఇదే. ఎం16 తరహాలో దీనికి విరుద్ధం. బోల్టును, క్యారియరును తుడిచి నూనె పట్టించాలి, తడి ఆరితేనే అవి బిగుసుకుంటాయి. బోల్టు మీది మూడు ఉంగరాలను చూడాలి, ఛాంబరును దాని బ్రష్షుతో రుద్దాలి. గ్యాస్ గొట్టాన్ని మామూలుగా ముట్టుకోనవసరం లేదు.

పాత తూటాలలోని పేలుడు టోపీలు మరొక సమస్య. అందులోని పొటాషియం క్లోరేటు పేలిన తరువాత ఒక లవణంగా మిగిలి, ఉప్పులాగే తేమను పీల్చుకొంటుంది. అది నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుచేత ముందు వేడినీటితో కడిగి, ఆరబెట్టి, తరువాతనే నూనె రాయాలి. వానాకాలంలో దీనిని ఒక్క రాత్రి వాయిదా వేసినా తుప్పు కనబడుతుంది.

== హైదరాబాదులో ==
సామాన్య పౌరులకు సెమీ ఆటోమేటిక్ సైనిక రైఫిళ్ళు ఆయుధ చట్టం (1959) ప్రకారం నిషిద్ధం. అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలోని లైసెన్సు గల ఆయుధ దుకాణాలలో దొరికే 12 బోరు తుపాకులు, .315 బోల్టు రైఫిళ్ళు సాధారణంగా చేతితో నడిచేవే. వాటిలో గ్యాస్ భాగాలు ఉండవు కనుక బ్యారెలు, ఛాంబరు, బోల్టు తుడిస్తే చాలు.

తయారీ మాత్రం మళ్ళీ నగరానికి వచ్చింది. 2024 జనవరిలో ఆవిష్కరించిన 7.62×51 మి.మీ. ఉగ్రం రైఫిలును పూణేలోని డి.ఆర్.డి.ఒ. ప్రయోగశాల, హైదరాబాదుకు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థ కలిసి రూపొందించాయి. దాని బరువు నాలుగు కిలోల లోపే, ప్రభావవంతమైన దూరం 500 మీటర్లు. అదే ఏడాది యు.ఎ.ఇ.కి చెందిన కారకల్, హైదరాబాదు సంస్థ ఐకామ్ కలిసి ఇక్కడ చిన్న ఆయుధాల కర్మాగారాన్ని ప్రారంభించాయి. కారకల్ వారి కార్ 816 రైఫిలు బయటికి ఎం4లా కనబడినా, లోపల ఉన్నది హ్రస్వ గమన పిస్టన్.